గుక్కెడు ఉప్పునీళ్లు

నేనో రీల్ ఫార్వర్డ్ చేశాను. ఆ సంగతి చెప్పుకోవాలంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

మాది గుడివాడ. అక్కని బందరు ఇచ్చాం. బావ గిలకలదిండి హార్బర్ నుంచి మరబోటు మీద వేటకి వెళ్తాడు. వేట నిషేధం రోజుల్లో ఒకసారి నా ఫోన్లో ఓ రీల్ కనపడింది. ఫ్రాన్స్ డాక్టరొకాయన సముద్రపు నీళ్లు తాగుతూ అట్లాంటిక్ దాటేశాడట. 'నడిసముద్రంలో చిక్కుకుంటే కంగారు పడకండి, కొద్దికొద్దిగా ఆ నీళ్లే తాగండి' అని సలహా కూడా ఇచ్చారు. భలే ఉందే అనుకుని ఫ్యామిలీ గ్రూపులో పడేసి, 'బావా, ఇది నీకే' అని రాశాను. బావ బొటనవేలు ఎమోజీ పెట్టాడు. అంతే, మర్చిపోయాను.

జూన్ 14తో నిషేధం ముగిసింది. బోట్లు కదిలాయి. బావ వాళ్ల బోటు మాత్రం చెప్పిన రోజుకి తిరిగి రాలేదు. ఫోన్లు కలవడం లేదు. నేను బందరు చేరేసరికి అక్క ఒడ్డునే కూర్చుని ఉంది. పక్కింటి పెద్దమ్మ ఒకటే మాట చెబుతోంది: "2022 జులైలో మనోళ్లు నలుగురు ఇలాగే ఇంజిన్ పాడై రోజుల తరబడి కనపడకుండా పోయి, క్షేమంగా రాలేదటే? వీళ్లూ వస్తారమ్మా."

మర్నాడు మధ్యాహ్నం వచ్చారు. ఇంకో బోటు తాడు కట్టి లాక్కొచ్చింది. వాళ్లలో వంట చేసే కుర్రాణ్ని ఇద్దరు మోసుకుంటూ దించారు. వాడికి పంతొమ్మిదేళ్లు.

ఆ రాత్రి బావ చెప్పాడు. ఇంజిన్ ఆగిపోయింది. అలల కుదుపుకి మంచినీళ్ల డ్రమ్ము ఒరిగి సగం పైగా పోయింది. మిగిలిన నీళ్లు గ్లాసుతో కొలిచి పంచుకున్నారు. రెండో రాత్రి అందరూ కునుకు తీస్తుంటే ఆ కుర్రాడు సముద్రంలో గ్లాసు ముంచి రెండు మూడుసార్లు తాగేశాడు. తెల్లారేసరికి వాంతులు, విరేచనాలు. పెదాలు పగిలిపోయాయి. తర్వాత "ఊరొచ్చేసింది, దిగుతా" అంటూ నీళ్లలోకి దూకబోయాడు. నడుముకి తాడు కట్టి ఆపారు. మిగిలిన మంచినీళ్లన్నీ వాడికే పోశారు. ఆ సాయంత్రం వాన పడకపోతే ఎవరూ ఉండేవాళ్లు కాదు. పరదా పట్టా పరిచి, పడ్డ ప్రతి చుక్కా డ్రమ్ములోకి వంపుకున్నారు.

"ఎందుకు తాగాడు బావా?" అన్నాను.

"ఆ వీడియో చూపించింది నేనేరా. నువ్వు పంపావు కదా, చదువుకున్నోడివని నమ్మాను."

బావ కోపంగా అనలేదు. కోప్పడినా బాగుండేది.

ఆ తర్వాతే నేను కూర్చుని చదివాను. సముద్రపు నీళ్లలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నదులు కలవడం వల్ల మన బంగాళాఖాతంలో కాస్త తక్కువే, కానీ ప్రాణం నిలిపేంత తక్కువ కాదు. మన కిడ్నీలు లీటరు మూత్రంలో మహా అయితే 20 గ్రాముల దాకా ఉప్పుని బయటికి పంపగలవు. అంటే ఒక లీటరు సముద్రపు నీళ్లు తాగితే, ఆ ఉప్పుని వదిలించుకోవడానికి దాదాపు లీటరుముప్పావు మూత్రం పోవాలి. ఆ ఎక్కువ ముప్పావు లీటరు ఎక్కణ్నుంచి వస్తుంది? ఒంట్లోంచే. మాగాయ ముక్కలకి ఉప్పు పట్టిస్తే ఊట దిగుతుంది కదా, అచ్చం అలాగే. మనమే ముక్కలం.

ఆ డాక్టరు అలెన్ బొంబార్. 1952లో రబ్బరు పడవలో 65 రోజులు ప్రయాణించిన మాట నిజమే. కానీ ఆయన చేపలు పిండి రసం తాగాడు, వాన నీళ్లు పట్టుకున్నాడు, దారిలో ఎదురైన ఓడలో భోజనం కూడా చేశాడు. దాదాపు 25 కిలోలు తగ్గిపోయాడు. రీల్‌లో ఇవేవీ లేవు. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడలు మునిగి లైఫ్‌బోట్లలో కొట్టుకుపోయినవాళ్ల లెక్కలు బ్రిటన్ వాళ్లు తీశారు. సముద్రపు నీళ్లు తాగిన పడవల్లో నూటికి 39 మంది చనిపోతే, తాగని పడవల్లో ముగ్గురే చనిపోయారు. 2019లో బెంగాల్ మత్స్యకారుడొకాయన ట్రాలర్ మునిగి దాదాపు ఐదు రోజులు నీళ్లలో తేలుతూ బతికాడు. ఆయన్ని కాపాడింది వాన నీళ్లే.

ఇదంతా నాగాయలంకలో అమ్మమ్మకి చెబితే నవ్వింది. "దీనికి చదువెందుకురా? 1977 నవంబరు 19న ఉప్పెనొచ్చినప్పుడు దివిసీమంతా నీళ్లే. తాగడానికి మాత్రం చుక్క లేదు. బావులు, చెరువులు అన్నీ ఉప్పునీళ్లే, శవాలే. పడిపోయిన చెట్ల కొబ్బరికాయలు కొట్టి మీ అమ్మకి తాగించాం. సముద్రం ఇంట్లోకొచ్చినా సరే, ఎవరూ ఆ నీళ్లు ముట్టలేదు." పది వేల మందికి పైగా పోయిన ఉప్పెన అది. దాన్ని చూసినావిడ మా ఇంట్లోనే ఉంది. నేను ఆవిణ్ని అడక్కుండా ఫోన్‌ని నమ్మాను.

మరి చిక్కుకుంటే ఏం చెయ్యాలి? నీడ చేసుకోవాలి. ఎండలో ఒళ్లు అలిసే పని పెట్టుకోకూడదు. పగలు బట్టలు సముద్రపు నీళ్లలో తడిపి కప్పుకుంటే చెమట తగ్గుతుంది. ఆ నీళ్లు ఒంటి మీదికే, నోట్లోకి కాదు. నీళ్లు తక్కువైతే తిండీ తగ్గించాలి. వాన పట్టుకోవడానికి పట్టా సిద్ధంగా ఉంచుకోవాలి. మూత్రం కూడా తాగకూడదు, దాన్లోనూ ఉప్పే. సిగ్నల్ ఉండగానే కోస్ట్‌గార్డ్ నంబర్ 1554కి చెయ్యాలి.

ఆ కుర్రాడు సెలైన్లు ఎక్కించాక కోలుకున్నాడు. మళ్లీ వేటకి వెళ్తున్నాడు. ఒకరోజు వాడి ముందు నిలబడి, "తప్పు నాదేరా తమ్ముడూ" అన్నాను. "పోన్లే అన్నా, ఉప్పు బాగా ఎక్కువైంది" అని నవ్వేశాడు.

గ్రూపులో ఆ రీల్ ఇంకా ఉంది. తీసేద్దామంటే టైమ్ దాటిపోయిందంది. అందుకే దాని కిందే 'ఇది తప్పు, ఎవరూ చెయ్యకండి' అని రాసి, కారణాలన్నీ పెట్టాను. బావ దానికీ బొటనవేలే పెట్టాడు. కానీ ఈసారి బోటెక్కే ముందు ఓ ఫొటో కూడా పంపాడు. రెండు నిండు నీళ్ల డ్రమ్ములు, మూతలు తాడుతో బిగించి.