ఎవరడిగారండీ ఈ అప్‌డేటు?

రాత్రి ఒకలా ఉన్న ఫోను తెల్లారేసరికి ఇంకోలా కనిపిస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. 2025 ఆగస్టులో మన దేశంలో ఆండ్రాయిడ్ ఫోన్లు వాడే చాలామందికి అదే జరిగింది. కాల్ చేయడానికీ ఎత్తడానికీ చాలా కంపెనీలు తమ ఫోన్లలో పెట్టి ఇచ్చేది గూగుల్ వారి ఫోన్ యాప్. అది చెప్పాపెట్టకుండా వేషం మార్చేసింది. అంతకుముందు కాల్ వస్తే బొటనవేలితో పైకి తోసి ఎత్తేవాళ్లం, కిందికి తోసి వద్దనేవాళ్లం. ఇప్పుడు పక్కకు జరపాలట. ఒక పక్కకు జరిపితే ఎత్తినట్టు, రెండో పక్కకు జరిపితే కట్ చేసినట్టు. ముఖ్యమైనవాళ్ల పేర్లకు ఒక చోటు, వచ్చిపోయిన కాల్స్‌కు ఒక చోటు ఉండేవి కదా, ఆ రెంటినీ ఒకే తెరలో కలిపేశారు. కాంటాక్టుల జాబితా మూడు గీతల గుర్తు వెనక్కి పోయింది. తమాషా ఏమిటంటే, చాలామంది తమ చేత్తో ఏ అప్‌డేటూ నొక్కనే లేదు. కంపెనీ తన వైపు స్విచ్ వేసింది, మన చేతిలో తెర మారింది. ఫోను ఎవరైనా హ్యాక్ చేశారేమోనని కంగారు పడ్డవాళ్లూ ఉన్నారు. ఆ కంగారులో తెలివితక్కువతనం ఏమీ లేదు. మన వస్తువును మనకు తెలియకుండా ఎవరో ముట్టుకున్నారన్న అనుమానమే కదా అది! ముట్టుకున్న మాట నిజమే.

చిన్న సంగతికి ఇంత రాద్ధాంతమా అనేవాళ్లు ఒక్కసారి పల్నాడు పల్లెల వైపు చూడాలి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం. అంటే ముగ్గురిలో ఒకరు చదవలేరు. అయినా గురజాల, కారంపూడి, దుర్గి ఊళ్లలో చదువురాని పెద్దవాళ్ల చేతుల్లో కూడా స్మార్ట్‌ఫోన్ ఉంది, వాడుతున్నారు. ఎలా? అక్షరాన్ని బట్టి కాదు, చోటును బట్టి. కింద ఎడమ మూల ఆకుపచ్చ బొమ్మ, దాన్ని నొక్కితే వరసలో మూడోవాడు అల్లుడు, అయిదోది హైదరాబాదులో మనవరాలు. వేలు తోవ ఎరిగి పోతుంది. అక్షరాలు వచ్చినవాడికి గుండీ ఇటు జరిగితే అర నిమిషం చిరాకు. చోటును బట్టి నేర్చుకున్న మనిషికి ఆ గుండీ జరిగితే నేర్చిందంతా గాలికి పోయినట్టే. డల్లాస్ నుంచి కొడుకు చేసిన కాల్‌ను ఎత్తబోయి కట్ చేసేస్తే, ఆ తల్లి తననే తిట్టుకుంటుంది గానీ తెర గీసినవాణ్ని తిట్టదు. కాలిఫోర్నియా ఆఫీసుల్లో కూర్చుని ఈ గుండీలు జరిపేవాళ్లలో మన గుంటూరు, నరసరావుపేట కాలేజీల్లో చదివిన పిల్లలు కూడా ఉండే ఉంటారు. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు అమ్మకు ఆ కొత్త తెర వాళ్లే దగ్గర కూర్చుని నేర్పాలి. అదొక్కటే వాళ్లకు తగిన శిక్ష.

ఇక అసలు వాదనకు వస్తాను. అప్‌డేట్లన్నీ చెడ్డవని నేననడం లేదు. అప్‌డేటు పేరుతో ఒకే పొట్లంలో రెండు వేరువేరు వస్తువులు కట్టి ఇస్తున్నారు. ఒకటి రక్షణ, అంటే దొంగలు దూరే కంతలు పూడ్చడం. రెండోది అలంకారం, అంటే రంగులు, గుండీలు, కొత్త హంగులు, మనం అడగని కృత్రిమ మేధ సహాయకులు, కొన్ని ఫోన్లలోనైతే కొత్త ప్రకటనలు. మొదటిది అందరికీ అవసరం. రెండోది ఎవరిష్టం వాళ్లది. కానీ రెండోది వద్దంటే మొదటిదీ ఇవ్వరు. యూరియా కొరత వచ్చినప్పుడల్లా రైతుకు ఎదురయ్యే లింకు బేరం అచ్చం ఇదే. బస్తా యూరియా కావాలా, అయితే ఈ నానో యూరియా సీసా కూడా తీసుకో, లేకపోతే స్టాకు లేదు పొమ్మంటారు. ఎరువుల దగ్గర లింకు పెట్టకూడదని ప్రభుత్వం డీలర్లను హెచ్చరిస్తూనే ఉంటుంది. ఫోను దగ్గర లింకు పెడితే మాత్రం దాన్ని సేవ అంటారు, పైగా మనం కృతజ్ఞతగా ఉండాలంటారు.

రెంటినీ విడదీయడం సాంకేతికంగా కుదరదని ఇంజనీర్లు అనొచ్చు. కుదురుతుందని వాళ్ల కంపెనీలే చూపించాయి. 2015లో స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం బయటపడి ఆండ్రాయిడ్ లోకం అదిరిపోయాక, గూగుల్ నెలనెలా రక్షణ ప్యాచ్‌లు వేరుగా ఇవ్వడం మొదలుపెట్టింది. 2019లో ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోను మొత్తం మార్చకుండా లోపలి కొన్ని భాగాలను మాత్రమే సరిచేసే ఏర్పాటు కూడా వచ్చింది. యాపిల్ కథ ఇంకా చిత్రం. 2021లో ఐఓఎస్ 15 తెచ్చినప్పుడు, ఇష్టం లేనివాళ్లు ఐఓఎస్ 14లోనే ఉండిపోవచ్చు, రక్షణ ప్యాచ్‌లు మాత్రం అందుతాయి అని ప్రకటించింది. ఇన్నాళ్లకు ఎవరికో బుద్ధి పుట్టిందని జనం సంతోషించారు. 2022 జనవరి వచ్చేసరికి ఆ వెసులుబాటు పోయింది. అది మొదటినుంచీ తాత్కాలికమేనని యాపిల్ తేల్చేసింది. చేయడం చేతనయింది, చేసి చూపించారు, తర్వాత మానేశారు. దీన్నిబట్టి చూస్తే అడ్డం సాంకేతికత కాదు, మనసు. ఈ విషయం దగ్గర నేను ఎంతసేపైనా ఆగగలను. ఎందుకంటే మిగతా ఫిర్యాదులన్నీ, అంటే బ్యాటరీ, స్టోరేజ్, మారిన గుండీ, అన్నీ ఈ ఒక్క ముడి విప్పితే సగానికి సగం తగ్గుతాయి.

అప్‌డేట్ చేయకపోతే ముప్పు కదా అన్నది మొదటి అభ్యంతరం. ముప్పే. అందుకు రుజువు మన పల్నాడు గడప దాకా వచ్చింది. 2017 మే 12న వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళాలు వేసి డబ్బులు అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో దాని బారిన పడ్డవాటిలో గుంటూరు, కృష్ణా, చిత్తూరు, విశాఖ, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కంప్యూటర్లు ఉన్నాయి. పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది గనుక అప్పటికి నరసరావుపేట, మాచర్ల గుంటూరు జిల్లాలోవే. ఆ కంత పూడ్చే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే, అంటే దాడికి రెండు నెలల ముందే ఇచ్చింది. వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. ఒప్పుకుంటాను. అయితే ఈ ఉదాహరణ నిలబెట్టేది రక్షణ ప్యాచ్‌నే గానీ కాల్ గుండీ జరపడాన్ని కాదు. పైగా అప్‌డేట్ తొందరా ప్రమాదమేనని 2024 జులై 19 నేర్పింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ సంస్థ పంపిన ఒక్క తప్పు అప్‌డేటుతో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర వేసుకుని కూర్చున్నాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసి ఇచ్చారు. వద్దనే వీలు గానీ, నాలుగు రోజులు ఆగి చూసే వీలు గానీ ఉంటే అంత నష్టం ఒక్కసారిగా జరిగేది కాదు.

అప్‌డేటుతో ఫోను నెమ్మదిస్తుందన్నది వట్టి భ్రమ అనేవాళ్లకు కూడా కాగితాల మీద జవాబుంది. పాత బ్యాటరీలున్న ఐఫోన్ల వేగాన్ని అప్‌డేటు ద్వారా తగ్గించామని 2017 డిసెంబరులో యాపిలే ఒప్పుకుంది. ఫోను ఉన్నట్టుండి ఆగిపోకుండా అలా చేశామంది. కారణం మంచిదే కావచ్చు, అడక్కుండా చేయడమే తప్పు. 2018లో ఇటలీ అధికారులు యాపిల్‌కు కోటి యూరోలు, శాంసంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా వేశారు. 2020లో ఫ్రాన్స్ యాపిల్ మీద రెండున్నర కోట్ల యూరోలు వేసింది. 2025 జనవరిలో గూగుల్ తన పిక్సెల్ 4ఏ ఫోన్లకు పంపిన అప్‌డేటుతో ఎన్నో ఫోన్లలో ఛార్జింగ్ నిలిచే సమయం పడిపోయింది. పరిహారం కూడా ప్రకటించాల్సి వచ్చింది. అదే నెలలో మన దేశంలో ఐఓఎస్ 18 వేశాక ఫోన్లు సరిగా పనిచేయడం లేదన్న ఫిర్యాదుల మీద కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ యాపిల్‌కు నోటీసు ఇచ్చింది. తెర మీద పడే ఆకుపచ్చ గీత సంగతి వేరు. అప్‌డేటు వేసిన మర్నాడే వచ్చిందని చాలామంది అంటారు. అయినా వెనకాల వచ్చిందల్లా దానివల్లే వచ్చిందని చెప్పలేం గనుక, దాన్ని ఈ ఖాతాలో రాయను.

నచ్చకపోతే అప్‌డేట్ చేయడం మానుకోవచ్చు కదా, బలవంతం ఎవరు చేశారు అన్నది ఇంకో మాట. చేసేది కంపెనీలే అయితే కొంత నయం. ప్రభుత్వాలూ చేస్తున్నాయి. 2025 జనవరి 1 నుంచి ఆండ్రాయిడ్ 4.4 ఉన్న పాత ఫోన్లలో వాట్సాప్ పనిచేయడం మానేసింది. అదే నెల 30న రాష్ట్ర ప్రభుత్వం 'మన మిత్ర' పేరుతో 161 సేవలను వాట్సాప్‌లో పెట్టింది. సదుపాయం మంచిదే, కాదనను. కానీ ఆ నెలలోనే కొందరి ఫోన్లకు ఆ తలుపు మూసుకుపోయింది. అంగన్‌వాడీ కార్యకర్తల కష్టం ఇంకా పెద్దది. 2021 మార్చిలో వచ్చిన పోషణ్ ట్రాకర్ యాప్‌కు ఒకదాని మీద ఒకటి అంశాలు చేరుస్తూ పోయారు. 2025 జులై 1 నుంచి సరుకు ఇవ్వాలంటే లబ్ధిదారు ముఖాన్ని కూడా ఫోనుతో గుర్తించాలన్నారు. యాప్ పెరిగింది, ఫోను పెరగలేదు. కొత్త వెర్షన్ వేస్తే తప్ప యాప్ లోపలికి రానివ్వదు, వేద్దామంటే స్టోరేజ్ చాలదు. గర్భిణి గుడ్లకోసం గుమ్మంలో నిలబడి ఉంటే తెర మీద చక్రం తిరుగుతూ ఉంటుంది. 2022 ఆగస్టులో ముఖ హాజరు యాప్‌ను సొంత ఫోన్లలో వేసుకోమన్నప్పుడు టీచర్లు ఎదురుతిరిగింది కూడా ఈ ప్రశ్న మీదే. ఫోను ఎవరిది, అందులో ఏం వేయాలో చెప్పేదెవరు?

ఇక మన ఎండల మాట. చల్లటి గదుల్లో పరీక్షించిన సాఫ్ట్‌వేర్ మన పల్నాడులోని రెంటచింతలకు వస్తే ఏమవుతుందో ఎవరైనా ఆలోచించారా? ఐఫోన్‌ను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని యాపిల్ తన సూచనల్లో రాసుకుంది. రెంటచింతలలో మే నెలలో 45 దాటడం తరచూ పేపర్లో చదివే వార్తే. అక్కడ 35 డిగ్రీలంటే చల్లబడినట్టు లెక్క. రేకుల షెడ్డులో, పిడుగురాళ్ల సున్నం బట్టీల పక్కన, ఛార్జింగ్‌లో పెట్టిన ఫోను తనంతట తానే రెండు జీబీల అప్‌డేటు దించుకోవడం మొదలుపెడితే అది చేతికి కాలుతుంది, తర్వాత ఆగిపోతుంది. రాత్రి రెండు గంటలప్పుడు చేసుకుంటాం, వైఫై ఉన్నప్పుడే చేసుకుంటాం అంటాయి కంపెనీలు. వైఫై ఉన్న ఇళ్లు ఎన్నని? రోజుకు ఒకటిన్నర జీబీ రీఛార్జి మీద బతికే ఇంట్లో అది ఆ రోజు డేటా మొత్తాన్నీ మింగి, మర్నాటిదానికీ నోరు తెరుస్తుంది. వేసవిలో పెద్ద అప్‌డేట్లు పంపకూడదని ఒక నియమం పెట్టినా తప్పులేదు. ఇది నవ్వులాటకు అనడం లేదు.

మొన్నటిదాకా అప్‌డేట్లు రావడం లేదని గోల, ఇప్పుడు వస్తున్నాయని గోల అంటారు. గోల ఒకటే. శాంసంగ్, గూగుల్ తమ ఖరీదైన ఫోన్లకు ఏడేళ్లు అప్‌డేట్లు ఇస్తామన్నాయి. ఐరోపా సమాఖ్య 2025 జూన్ 20 నుంచి, ఒక మోడల్ అమ్మకం ఆపాక కూడా అయిదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలని నియమం పెట్టింది. సంతోషం. మనం అడిగింది ఏడేళ్ల కాపలా. ఏడేళ్లలో ఏడుసార్లు ఇల్లు కూల్చి కట్టమని ఎవరూ అడగలేదు. మన దేశంలో కూడా నియమం రావాలి. రక్షణ ప్యాచ్ వేరుగా ఇవ్వాలి. వేషం మార్పు వద్దంటే వద్దన్నట్టే ఉండాలి. వేసుకున్నాక నచ్చకపోతే నెల రోజుల్లో వెనక్కి వెళ్లే వీలుండాలి. ఇవి గొంతెమ్మ కోరికలేమీ కావు.

అందాకా చేతిలో ఉన్న ఉపాయాలు చిన్నవి. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ఆటో అప్‌డేట్ ఆపేసుకోవచ్చు, కానీ అప్పుడు బ్యాంకు యాప్‌లను మాత్రం మరచిపోకుండా మీరే అప్‌డేట్ చేసుకోవాలి. ఫోన్ యాప్ గుర్తు మీద వేలు నొక్కిపెట్టి, యాప్ ఇన్ఫోలోకి వెళ్లి, పై మూల మూడు చుక్కల దగ్గర 'అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్' అంటే చాలా ఫోన్లలో పాత తెర తిరిగొచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లుంటే ముందు వాళ్ల ఫోను చూడండి. అప్‌డేటు వల్లే ఫోను పాడయిందని రుజువు చూపగలిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. 2025 జనవరిలో యాపిల్‌కు నోటీసు దాకా వచ్చింది అలా చేసినవాళ్ల వల్లే. అది మామూలు ఫోన్ కాలే, యాప్ అక్కర్లేదు.