అనుమానానికి ముందు కొలత

మదరసా జమాఖర్చుల పుస్తకం చాలా ఏళ్లుగా మా చేతిలోనే ఉంది. బోధన్ పరిసరాల రైతులు, కూలీలు, చిన్న దుకాణదారులు అల్లాహ్ ప్రసన్నత కోరి ఇచ్చిన ప్రతి రూపాయీ మా దగ్గర అమానతు. అందుకే ఏ చిన్న పద్దు పెరిగినా మా చూపు అక్కడ ఆగుతుంది. నిరుడు అలా ఆగిన పద్దు: 'ఇంజను ఆయిల్, ఒక లీటరు.'

వర్ని, రుద్రూర్, కోటగిరి వైపు నుండి పిల్లలను తీసుకువచ్చే పాత పెట్రోలు వ్యాను మాకు ఒకటి ఉంది. దానిని నడిపే యువకుడు చిన్ననాడు మా దగ్గరే ఖుర్ఆన్ చదువుకున్నాడు. పూర్వం ఒక సర్వీసింగుకూ మరొక సర్వీసింగుకూ మధ్య ఆ బండికి ఆయిల్ పోయవలసిన అవసరమే ఉండేది కాదు. అలాంటిది వరుసగా నాలుగు నెలలు, నెలకొక డబ్బా బిల్లు వచ్చింది. బండి నిలిపిన చోట మరక కూడా లేదు. "డబ్బా కొన్నది నిజమేనా?" అన్నారు కమిటీలో ఒకరు. మేము అవుననలేదు, కాదనలేదు. ఆ మౌనమే మా తప్పుకు మొదలు.

మరునాడు అతనిని పిలిచి, "బేటా, ఈ ఆయిలంతా ఎటు పోతోంది?" అని అడిగాము. మాట మెత్తగానే ఉన్నా అందులోని అనుమానం అతనికి వినిపించింది. "తెలియదు హజ్రత్. గేజు కడ్డీ తీసి చూస్తే తగ్గి ఉంటోంది, పోస్తున్నాను" అని తలవంచుకొని వెళ్లిపోయాడు.

మనసు కుదుటపడక బండితో బోధన్‌లోని ఒక వృద్ధ మెకానిక్ దగ్గరకు వెళ్లాము. ఆయన మా మాట అంతా విని, "ఆయిల్ పోను తొవ్వలు నాలుగే, మౌల్‌సాబ్. బయటికి కారాలె, రేడియేటర్ నీళ్లల్ల కలవాలె, లోపట కాలాలె, లేకుంటె ఎవలన్న తియ్యాలె. నాలుగోది అనేముందు మూడు చూడాలె" అన్నారు. ఆయన తండ్రి నిజాంసాగర్ కాలువ మీద లస్కరుగా పనిచేశారట. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు నీటితోనే మా ప్రాంతపు వరి, చెరకు పెరిగాయి. చివరి పొలానికి నీరు అందకపోతే ఆ తండ్రి ముందు తూము దగ్గర, తరువాత చివరన నీటిని కొలిచేవారే కాని పై రైతును దొంగ అనేవారు కాదట.

మేమూ కొలవడం మొదలుపెట్టాము. బండిని చదునైన నేల మీద నిలిపి, ఇంజను ఆపి, పది నిమిషాలు ఆగి, గేజు కడ్డీని తుడిచి ముంచి చూశాము. పై గీత వరకు ఆయిల్ పోసి కిలోమీటర్లు రాసుకున్నాము. పై గీత దాటి పోసినా ఇంజనుకు చేటేనని మెకానిక్ హెచ్చరించారు. పది రోజులలో 1,000 కి.మీ. తిరిగింది. అన్నాళ్లూ ఆయిల్ డబ్బా మా గదిలోనే ఉంది. మళ్లీ పై గీతకు రావడానికి 400 మి.లీ. పట్టింది. బండి నెలకు తిరిగేది సుమారు 2,500 కి.మీ. గుణించి చూస్తే సరిగ్గా ఒక లీటరు. ఆ యువకుని నాలుగు బిల్లులూ ఆ ఒక్క లెక్కతో నిజమని తేలాయి.

ఇక ఆయిల్ పోయే దారిని వెదకడం మిగిలింది. రాత్రంతా బండి కింద అట్ట పరిచినా చుక్క పడలేదు. ట్యాపెట్ కవరు, ఆయిల్ ఫిల్టరు, డ్రెయిన్ బోల్టు పొడిగానే ఉన్నాయి. రేడియేటర్ నీటిలో జిడ్డు లేదు, ఆయిల్ మూత లోపల తెల్లని నురగ లేదు. కాని తెల్లవారి చల్లని ఇంజను స్టార్టు చేయగానే సైలెన్సర్ నుండి నీలిపొగ గుప్పున వచ్చి కాసేపటికి ఆగిపోయింది. నల్లపొగ అయితే పెట్రోలు ఎక్కువగా కాలుతున్నదని, ఆగని దట్టమైన తెల్లపొగ అయితే రేడియేటర్ నీరు లోపలికి చేరుతున్నదని, నీలిపొగ అయితే ఆయిల్ కాలుతున్నదని మెకానిక్ వివరించారు.

ఇంజను బోరుకు వచ్చిందేమోనని మేము భయపడ్డాము. రింగులు అరిగితే బరువు లాగేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు కూడా పొగ వస్తుందని, ఇది పొద్దున మాత్రమే వస్తున్నదని ఆయన అన్నారు. ప్లగ్గులు విప్పి కంప్రెషన్ చూస్తే అన్ని సిలిండర్లలోనూ దాదాపు సమానంగా ఉంది. ప్లగ్గు రంధ్రాలలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూసినా చెప్పుకోదగినంత పెరగలేదు. రింగులు అరిగి ఉంటే ఆ ఆయిల్ సందులను మూసి కంప్రెషన్ పెరిగేదట. లోపం వాల్వు సీళ్లలో ఉంది. ఆ రబ్బరు గట్టిపడి, రాత్రి ఆయిల్ వాల్వు కాడల వెంట కిందికి జారుతోంది. సీళ్లు మార్చాక మరో 1,000 కి.మీ. తిరిగినా కడ్డీ మీద తేడా దాదాపు కనిపించలేదు.

వార్త వస్తే నిర్ధారించుకోమని, అనుమానాలకు దూరంగా ఉండమని అల్ హుజురాత్ సూరా (49: 6, 12) ఆదేశిస్తోంది. ఆ సూరాను ఆ యువకునికి నేర్పినది మేమే. అనుమానం కమిటీలో పుట్టింది కనుక కమిటీ ముందే అతనిని క్షమాపణ కోరాము. అతను చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఈ సంగతి ఇంట్లో అమ్మకు చెప్పలేదు హజ్రత్. ఇక చెప్పే పని లేదు" అన్నాడు. ఆ మాట మమ్మల్ని ఇప్పటికీ కలత పెడుతూనే ఉంది.

ఇప్పుడు మా పుస్తకంలో కొత్త గడి ఒకటి చేరింది. ప్రతి శుక్రవారం కిలోమీటర్లు, గేజు కడ్డీ మట్టం అందులో రాస్తాము. మీ ఇంట బండి ఉంటే మీరూ అలా చేయండి. డ్యాష్‌బోర్డు మీది ఎర్ర దీపం తెలిపేది ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని. అది వెలిగే వరకు ఆగితే ఇంజను దక్కకపోవచ్చు. కడ్డీ చూడటానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలు మేము మొదటి నెలలోనే వెచ్చించి ఉంటే, ఒక విద్యార్థి మా ముందు తలవంచుకొని నిలబడవలసి వచ్చేది కాదు.