బాల్టిమోరులో బంగారు విషకప్ప

బాల్టిమోరు నౌకాశ్రయపుటంచున నున్న జాతీయ జలజంతు ప్రదర్శనశాలలో, పైయంతస్తున గాజు పిరమిడ్డు క్రింద పెంచుచున్న వర్షారణ్యమును చూడబోయి, ఆకుమీద దాగవలెనన్న తలంపే లేక కూర్చుండిన, రెండంగుళములకు మించని నిండుపసుపు కప్పయొద్ద చాలసేపు నిలిచిపోయితిని. కొలంబియా పశ్చిమతీరపు టడవులలో మాత్రమే పుట్టు ఈ జాతికి శాస్త్రజ్ఞులు ఫిల్లోబేటిస్ టెరిబిలిస్ అని 1978లో పేరు పెట్టిరి. అంతకు బహుపూర్వమే ఎంబెరా జాతి వేటగాండ్రు బ్రదికియున్న కప్ప వీపున బాణపుమొన రాచి, ఊదుగొట్టముతో వేటాడుచుండిరి. ఆ విషము నరములలోను కండరములలోను సోడియము ద్వారములను మూతపడనీయదు. తుదకు గుండె లయదప్పి ఆగిపోవును.

ఇంతటి ఖ్యాతి విని జంకుచున్న నాకు, ఇచట పుట్టిన కప్పలలో విషము లేదని ఉద్యోగిని మందహాసముతో తెలిపెను. విషము కప్ప స్వార్జితము కాదట; అడవిలో తిన్న చిన్న పురుగులనుండి చర్మమున కూడబెట్టుకొన్న సొత్తు. పెంపుడు ఈగలను మేసిన కప్పకు రంగు మాత్రము దక్కును. ఎస్టేటులు రద్దయిన పిమ్మట జమీందారులకు మిగిలిన బిరుదులవంటిదే ఈ పసుపు!

క్రిందికి దిగునపుడు వలయాకారపు తొట్టెలో సొరలు నాచుట్టును తిరుగుచుండెను గాని, నా మనస్సు అచట లేని సొరమీదికి పోయెను. గార్మన్ పండితుడు 1884లో వర్ణించిన ఫ్రిల్డ్ షార్కు, 1,500 మీటర్ల లోతువరకు సంచరించును. దేహము పామువలె నిడుపు, వర్ణము ముదురు గోధుమ, నోట ఇరువదియైదు వరుసలలో సుమారు 300 ముమ్మొనల పండ్లు. వెలుగే సోకని తావున ఎవరిని బెదరించుటకు రంగు? దాని గర్భధారణ మూడున్నర సంవత్సరములు సాగవచ్చునని జపాను పరిశోధకుల అంచనా. 2007 జనవరిలో జపానున అవాషిమా తీరమున పైకి తేలివచ్చిన ఆడసొర నొకదానిని అచటి సముద్రోద్యానమువారు పట్టి, ఉప్పునీటి కొలనులో విడిచి, చలనచిత్రము తీసిరి. అప్పటికే రోగగ్రస్తమై యుండెనేమో, కొన్ని గంటలలోనే అది మరణించెను.

రెండును భయంకరజీవులని పేరుపడినవే. కాని విషకప్పను తనివిదీర చూచుటకు దాని విషము పోవలసివచ్చినది, ఈ సొరనో సజీవముగా చూచినవారు మిక్కిలి అరుదు. ప్రదర్శనశాలలలో సాధారణముగా కనబడునది దాని నిర్జీవదేహము మాత్రమే.