ట్రాఫిక్ చెప్పే జీపీఎస్ కొనేముందు

కారు అద్దానికి అతికించే జీపీఎస్‌కి తానెక్కడుందో తెలిసేది ఉపగ్రహాల వల్లే. ట్రాఫిక్ సంగతి మాత్రం వాటికి తెలియదు!

ఉపగ్రహం పంపేది టైమూ, తానెక్కడున్నదీ. అంతే. అది ఉచితం. ముందు ఎక్కడ బళ్లు ఆగిపోయాయో చెప్పే కబురు వేరే దారిలో రావాలి. షాపులో అడగాల్సిన అసలు ప్రశ్న అదే.

అమెరికా, యూరప్‌లలో పాత పద్ధతి ఎఫ్ఎం రేడియో.
డేటా ఖర్చుండదు, కానీ పెద్ద రోడ్ల వార్తలే ఎక్కువ.
ఇందులో ఓ తిరకాసు: చాలా గార్మిన్ మోడళ్లలో ట్రాఫిక్ రిసీవర్ ఉండేది ఛార్జింగ్ కేబుల్లోనే. మామూలు కేబుల్ పెడితే దారి చూపిస్తుంది, ట్రాఫిక్ రాదు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ముందు చూడాల్సింది కేబుల్‌నే.

కొన్ని టామ్‌టామ్ మోడళ్లలో ట్రాఫిక్ కబురు తెచ్చే సిమ్ లోపలే ఉంటుంది. హాయి.

మరికొన్ని బ్లూటూత్‌తో ఫోన్ డేటా వాడుకుంటాయి. ఫోన్ ఎలాగూ కావాలంటే ఇంకో పెట్టె దేనికి? న్యాయమైన ప్రశ్నే. అయితే మ్యాపులు పెట్టెలోనే ఉంటాయి కాబట్టి, సిగ్నల్ లేని కొండదారిలోనూ రూటు పోదు. ట్రాఫిక్ పోతుంది.

అట్టపెట్టె మీద 'లైఫ్‌టైమ్ ట్రాఫిక్' అంటే కొన్నవాళ్ల ఆయుష్షు కాదు, ఆ పరికరానిది!

బిగించే చోటుకీ చట్టం ఉంది. కాలిఫోర్నియాలో ముందు అద్దం మీద డ్రైవర్ వైపు కింది మూల 5 అంగుళాల చదరం, అవతలి కింది మూల 7 అంగుళాల చదరం. అంతవరకే.

రోజూ ఊళ్లో తిరిగేవాళ్లకు ఫోన్ చాలు. సిగ్నల్ అందని దూరాలకు వెళ్లేవాళ్లకే పెట్టె దండగ కాదు.

మీ కార్లో ఏముంది? కామెంట్లో చెప్పండి.