ఎర్ర స్తంభాల హోటల్లో పుట్టిన పార్టీ

తైపే వెళ్లినవాళ్లు గ్రాండ్ హోటల్ చూడకుండా రారు. ఎర్రటి స్తంభాలు, బంగారు రంగు పెంకులు... అచ్చం రాజుగారి కోటే! చియాంగ్ కై షేక్ హయాంలో విదేశీ అతిథుల కోసం కట్టించారు. ఆపదొస్తే తప్పించుకోవడానికి రహస్య సొరంగాలూ ఉన్నాయి. ఒకదాంట్లో జారుడుబల్ల కూడా!

1986 సెప్టెంబరు 28న ఇక్కడే ఓ సాహసం జరిగింది. తైవాన్‌లో అప్పటికి 37 ఏళ్లుగా మార్షల్ లా. కొత్త పార్టీ పెట్టడం నేరం. ఎన్నికల అభ్యర్థుల ఎంపిక కోసమంటూ సమావేశమైన ప్రతిపక్ష నేతలు, ఉన్నట్టుండి డెమోక్రటిక్ ప్రోగ్రెసివ్ పార్టీ పెట్టేశామని ప్రకటించారు. అరెస్టులు తప్పవనుకున్నారు. కానీ, అప్పటి అధ్యక్షుడు, చియాంగ్ కొడుకు చింగ్ కువో వాళ్ల జోలికి పోలేదు. 1987లో మార్షల్ లా ఎత్తేశారు. 2000లో ఆ పార్టీ అభ్యర్థి చెన్ షుయ్ బియాన్ అధ్యక్షుడయ్యారు.

రహస్య సొరంగాలంటారా... టికెట్టు కొంటే గైడే దగ్గరుండి చూపిస్తాడు.