విల్‌కూ వుడ్‌కూ మధ్య



ఇంగ్లీషు గ్రామర్‌లో మనల్ని భయపెట్టేవాటిలో ‘ఇఫ్’ వాక్యాలు ఒకటి. ఫస్ట్ కండిషనల్, సెకండ్ కండిషనల్ అనే పేర్లు చూసి బెదరకండి. తెలుగు వ్యాకరణంలో చదువుకున్న చేదర్థకమే ఇది, అంటే ‘తే’ చేర్చి చెప్పే వాక్యం.

లింగాల ఘనపూర్‌లో మా నాయిన మబ్బు చూసి, “వాన పడితే నాట్లేస్తం” అంటాడు. వాన పడొచ్చు, నాట్లు పడొచ్చు. ‘ఇఫ్ ఇట్ రెయిన్స్, వియ్ విల్ ప్లాంట్ ప్యాడీ.’ ఇది ఫస్ట్. జరగబోయే సంగతే అయినా ఇఫ్ పక్కన విల్ రాదు, రెండో సగంలోనే వస్తుంది.

బడి మొహం చూడని ఆ నాయినే నా పుస్తకం తిరగేసి, “నాకు ఇంగ్లీషు వస్తే నేనే నీకు చెప్పేటోణ్ణి” అంటాడు. ‘ఇఫ్ ఐ న్యూ ఇంగ్లిష్, ఐ వుడ్ టీచ్ యు.’ ఇది సెకండ్. ‘న్యూ’ భూతకాల రూపమే గాని, చెప్పేది నేటి సంగతి. ఇక్కడ ఆ రూపం చూపేది గడిచిన కాలాన్ని కాదు, లేని స్థితిని.

రెండు మాటల్లోనూ ‘తే’ ఒక్కటే. మనకు తేడా వాక్యం చివర తెలుస్తుంది: ‘ఏస్తం’, ‘చెప్పేటోణ్ణి’. ఇంగ్లీషులో రెండు సగాలూ మారతాయి. కనుక ముందు తెలుగు వాక్యం చివర చూసి, తర్వాత ఇఫ్ పక్కన క్రియ రాయండి. జరిగిపోయినదాని గురించైతే అది థర్డ్ కండిషనల్, దాని లెక్క వేరు.

ఏ వాక్యం ఎప్పటికీ ఒకే గూటిలో ఉండదు. “గోదావరి నీళ్లొస్తే రెండో పంట వేసేటోళ్లం” అన్నది మా మెట్ట రైతుల పాత మాట. దేవాదుల ఎత్తిపోతల పథకం కింద మా మండలంలో నవాబుపేట రిజర్వాయరు కట్టాక అదే మాట “నీళ్లొస్తే వేస్తం” అయింది. ‘వుడ్’ పోయి ‘విల్’ వచ్చింది. నేను పై చదువుకు దరఖాస్తు పెట్టినప్పుడు “సీటు వస్తే గిస్తే చూద్దాం” అన్నవాళ్లున్నారు. ఆ ‘గిస్తే’ కూడా సెకండ్ కండిషనలే. మా ఇంట్లో మొదటి డిగ్రీ వచ్చాక మా చెల్లె చదువు గురించి ఎవరూ ‘గిస్తే’ అనడం లేదు.

ఇంటర్వ్యూలో “మీరే కలెక్టరైతే ఏం చేస్తారు?” అని ఊహకు అడిగితే వుడ్‌తోనే జవాబు చెప్పండి, అది పద్ధతి. రేపు రాయబోయే మీ పరీక్ష గురించి మాత్రం ‘ఇఫ్ ఐ పాస్, ఐ విల్’ అనండి. అక్కడ వుడ్ పెట్టే హక్కు ఎవరికీ ఇవ్వకండి.