మరి ఆమె?

మదర్సాలలో వారాంతపు సెలవు శుక్రవారం. గురువారం జుహర్‌తో పాఠాలు ముగుస్తాయి. గత నవంబరులో అలాంటి ఒక గురువారం, పెద్ద తరగతి పిల్లలకు హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు వివరిస్తున్నాను. సహీహ్ ముస్లిమ్‌లో ఉన్నదది. దైవప్రవక్త (స) పొరుగున ఒక పర్షియా దేశస్థుడు ఉండేవాడు. మాంసపు రసం చక్కగా వండేవాడు. ఒకనాడు వండి, ప్రవక్త (స)ను భోజనానికి పిలవడానికి వచ్చాడు. ఆయన హజ్రత్ ఆయిషా (రజి)ను చూపి, మరి ఈమె సంగతేమిటని అడిగారు. అతను కాదన్నాడు. అయితే నేనూ రానన్నారు ప్రవక్త (స). రెండోసారీ అంతే. మూడోసారి అతను సరేనన్నాక ఇద్దరూ లేచి కలసి వెళ్ళారు.

పాఠం అయిపోయింది. వెనుక వరుసలోని ఒక పిల్లవాడు లేచి, "హజ్రత్, మీరు ఎప్పుడైనా అమ్మీజాన్‌ను దావత్‌కు తీసుకెళ్ళారా?" అని అడిగాడు. వాడిలో వెటకారమేమీ లేదు. తెలుసుకోవాలనే అడిగాడు.

ఆ హదీసును నేను విద్యార్థిగా విన్నాను, ఉపాధ్యాయుడిగా ఎన్నోసార్లు చెప్పాను. ఆలిములకు పిలుపులు ఎక్కువ. అఖీఖా, వలీమా, ఖురాన్ ఖత్మ్, కొత్త ఇల్లు, ఏదో ఒకటి. నెలకు నాలుగైదు చోట్ల బిర్యానీ తింటాను. పెళ్ళయి ఇరవై తొమ్మిదేళ్ళు. "మరి ఆమె?" అని ఒక్క గృహస్థునూ అడగలేదు. నేను అడిగి ఉంటే ఎవరూ కాదనేవారు కారు. వలీమాలకు ఆమె వెళ్ళేది, కానీ అది బంధువుల ఆడవాళ్ళతో, పిల్లలను చంకనేసుకుని. వేరొకరు వండగా మేమిద్దరం పక్కపక్కన కూర్చుని తిన్న పూట నాకు గుర్తు రాలేదు.

ఇంటికి వెళ్ళి, బయలుదేరు, అరకు వెళ్దామన్నాను. ఆమె నా ముఖంలోకి చూసి, "ఏమైందండీ? ఒంట్లో బాగుందా?" అంది. చిన్నమ్మాయి పెళ్ళయి రెండు నెలలైంది, ఇంట్లో మేమిద్దరమే. అయినా ఆమె అలవాటుగా దారిలోకి రొట్టెలు చేస్తానని పిండి డబ్బా తీసింది. వద్దన్నాను. రెండు రోజులూ పొయ్యి ముట్టించనివ్వనన్నాను. ఆ మాటకు ఆమె సంతోషించలేదు, కంగారు పడింది.

చోడవరం నుంచి వడ్డాది మీదుగా బస్సులో మాడుగుల చేరాము. దారి పొడవునా చెరకు తోటలు, బెల్లం వండే వాసన. మాడుగుల హల్వా పేరు తెలియని వారు మా ప్రాంతంలో లేరు. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, ఆ పాలను నేతితో, పంచదారతో గంటల తరబడి తిప్పుతూ వండుతారు. హల్వా అరబీ మాట; తీపి అని అర్థం. ప్రవక్త (స)కు తీపి వస్తువులు, తేనె ఇష్టమని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పినది బుఖారీలో ఉంది. ఇక్కడి నుంచి ఎన్నో పొట్లాలు ఇంటికి తెచ్చాను. అన్నీ పిల్లలకూ అతిథులకూ పంచేవే. ఆ రోజు దుకాణం ముందు నిలబడి, పావుకిలో విప్పి ఇద్దరం వేడివేడిగా తిన్నాము.

ఘాట్ ఎక్కి రాత్రికి పాడేరులో దిగాము. ఇవన్నీ ఒకప్పుడు విశాఖ జిల్లా ఊళ్ళే. 2022 ఏప్రిల్ నుంచి చోడవరం అనకాపల్లి జిల్లాలోనిది, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రం. మౌల్వీని కనుక దారిలో నా లెక్క వేరుగా సాగింది. మన ఉలమాలు ఖస్ర్ నమాజుకు 48 మైళ్ళ దూరం చెబుతారు. అరకు అంతకు మించే ఉంటుంది. "విహారానికి వచ్చి కూడా మైళ్ళు లెక్కపెడుతున్నారా!" అని ఆమె నవ్వింది.

శుక్రవారం ఉదయం అరకు దారిలో వలిసె పూలు పసుప్పచ్చగా పరచుకుని ఉన్నాయి. రోడ్డు పక్కన ఒక గిరిజన స్త్రీ బొంగులో చికెన్ కాలుస్తోంది. కోసినది ఎవరో అడిగి, మేము తినలేమని మర్యాదగా చెప్పాను. ఆమె నొచ్చుకోలేదు. "మా ఇంటికాడ కోడుంది బాబూ. తెప్పిత్తాను, నువ్వే కోసుకో" అంది. కొడుకు కోడిని తెచ్చాడు. అల్లాహ్ పేరు పలికి జిబహ్ చేశాను. ఆ కుర్రవాడు నా పెదవులనే చూస్తూ నిలబడ్డాడు.

ముక్కలకు అల్లం, వెల్లుల్లి, ఉప్పు, కాస్త కారం పట్టించి పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు దోపి నిప్పుల మీద పెట్టింది. నూనె చుక్క లేదు. వెదురులోని తడితోనే ఉడుకుతుంది. నా భార్య రెండుసార్లు సాయానికి లేచింది. "నువ్వు కూకో అమ్మా" అని ఆమె రెండుసార్లూ కూర్చోబెట్టింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్లు నా భార్య కొంగు అంచు మడతలు పెడుతూ కూర్చుంది. ఈలోగా కాఫీ ఇచ్చారు. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రాత్రి ఆరాధనలకు మెలకువగా ఉండటానికి యెమెన్ సూఫీలు తాగిన ఖహ్వా మన మన్యపు కొండల మీద పండటం నాకు వింతగానే ఉంటుంది.

బొంగు చీల్చి అడ్డాకులో పోశారు. తొడ ముక్క తీసి ఆమె నోటికి అందించాను. భార్య నోటిలో పెట్టే ముద్దకూ పుణ్యముందన్న హదీసు ఎందరికో బోధించాను. పెట్టడం మాత్రం అదే మొదటిసారి. ఆమె సిగ్గుపడి చుట్టూ చూసి తింది. తరువాత నెమ్మదిగా, "కారం తక్కువగా ఉంది. బాగుంది" అంది.

"నీకు కారం ఇష్టం కదా?"

"కారం మీకిష్టం. అత్తమ్మ అలా వండమన్నారు. నాకు కడుపులో మండుతుంది."

మా ఇంటి కూర ఎర్రగా ఉంటుంది. వచ్చినవాళ్ళు మెచ్చుకుంటారు. ఆమె పెరుగన్నం ఎక్కువగా తినడం చూసి, పెరుగంటే ఇష్టమేమో అనుకున్నాను. ఇరవై తొమ్మిదేళ్ళు అలాగే అనుకున్నాను. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడగబోయి ఆగిపోయాను. అడగవలసింది ఎవరో నాకు తెలుసు.

ప్రయాణికుడి మీద జుమా విధి కాదు కనుక జుహర్ రెండు రకాతులు చదువుకుని తిరుగు బస్సు ఎక్కాము. దారంతా ఆమె కిటికీకి తల ఆనించి నిద్రపోయింది.

శనివారం నేనే మాంసం తెచ్చి, కారం సగమే వేయమన్నాను. "మీరు తినలేరు" అంది. వేయమన్నాను. ఆ పూట వడ్డించి ఆమె వంటింట్లోకి వెళ్ళబోతుంటే పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాను. కూర నాకు చప్పగానే తోచింది. మరోసారి అడిగి వేయించుకున్నాను. ఆమె కూడా పెరుగు జోలికి పోకుండా ఆ కూరతోనే అన్నం ముగించింది.